ఖాళీ పెట్టొచ్చు

కల్వకుర్తిలో ఆ హాస్టలు ఏ వీధిలో ఉందో, ఎవరు నడుపుతున్నారో రాయను. రాస్తే పిల్లల్ని ఇట్టే గుర్తుపడతారు. చందాలతో నడిచే ఉచిత హాస్టలు అని మాత్రం చెప్తాను. వెల్దండ, ఊర్కొండ, వంగూరు, చారకొండ, ఉప్పునుంతల, తెలకపల్లి, ఇటు ఆమనగల్లు, మాడ్గుల దాకా చుట్టుపక్కల మండలాల పిల్లలు అక్కడ ఉండి ఊళ్లో బడికి పోతారు. చాలామంది అమ్మానాన్నలు వలసలో ఉంటారు. మా ప్రాంతం మనుషులకు దేశమంతా తెలిసిన పేరొకటి ఉంది, పాలమూరు లేబర్. నాగార్జునసాగర్ కట్టిన చేతుల్లో వాళ్లవి ఉన్నాయి, శ్రీశైలం డ్యాం కట్టిన చేతుల్లో ఉన్నాయి. ఆ తర్వాత ముంబై, పుణె, భివండి. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముసలివాళ్లను ఇంటి దగ్గర, పిల్లల్ని ఇలాంటి హాస్టళ్లలో వదిలి పోతారు. పోయినవాళ్లలో కొందరు తిరిగిరారు. కొందరి సంగతి ఏళ్లు గడిచినా తెలియదు.

నాది డేటాబేస్ పని. హైదరాబాద్‌లో పొద్దస్తమానం చేసేది అదే. 2019 మే నెలలో ఆ హాస్టలు సెక్రటరీ ఫోన్ చేశారు. మా మేనమామకు చిన్ననాటి స్నేహితుడాయన, నాకూ మామ వరసే.

"ఏందో మెయిల్ వచ్చిందిరా అల్లుడూ, మా కంప్యూటర్ల ఉన్నది పాతదైపోయిందట. ఒకసారి వచ్చిపో."

పాతదైపోయిన మాట నిజమే. ఆ హాస్టలు లెక్కలన్నీ ఎస్క్యూఎల్ సర్వర్ 2008 ఆర్2 మీద నడుస్తున్నాయి. 2019 జూలై 9తో మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఆపేస్తోంది. కొత్తదానికి మారడం పెద్ద పని కాదు, ఒక్క పూటలో అయిపోతుంది. కానీ మామ ఫోన్లో ఇంకో రెండు కోరికలు చెప్పారు. నన్ను నాలుగు రాత్రులు అక్కడ కూర్చోబెట్టినవి ఆ రెండే.

మొదటిది, పిల్లల గుర్తింపు కార్డులు తెలుగులో రావాలి. అప్పటిదాకా ఇంగ్లీషులో వచ్చేవి. రెండోది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గింది.

"తండ్రి పేరు కాడ ఏమీ రాయకుండ వదిలేసే ఏర్పాటు కావాలె. గా గడి నింపందే కంప్యూటర్ ముందుకు పోతలేదు. పోయినేడు ఒకామె బిడ్డను తీసుకొని వచ్చింది. నారాయణపేట దిక్కు మనిషి. ఆమెను చిన్నప్పుడు జోగినిని చేసిన్రు. తండ్రి పేరు చెప్పమంటే ఏం చెప్తది? అందరి ముందర తల వంచుకొని నిలబడ్డది. మా క్లర్కు ఆఖరికి చుక్క పెట్టి ఎక్కించిండు. మనిషి పేరు కాడ చుక్క ఏందిరా?"

జోగిని వ్యవస్థను నిషేధిస్తూ చట్టం వచ్చింది 1988లో. చట్టానికి ముప్పై ఏళ్లు నిండినా ఆ తల్లుల బిడ్డలు ఏ దరఖాస్తు ముందు నిలబడ్డా అదే గడి ఎదురవుతుంది. పెళ్లికాని తల్లి తన బిడ్డకు తానొక్కతే గార్డియన్ కావచ్చని, తండ్రి ఎవరో చెప్పమని ఆమెను బలవంతపెట్టకూడదని సుప్రీంకోర్టు 2015 జూలైలో తీర్పు ఇచ్చింది. తల్లి ఒక్కతే పెంచుతున్న పిల్లలకు పాన్ కార్డు దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018 డిసెంబరు నుంచి నిబంధన మారింది. కోర్టు మారింది, ఆదాయపు పన్ను శాఖ మారింది. కల్వకుర్తిలో ఒక గదిలో, దుమ్ము పట్టిన ఒక కంప్యూటర్లో మాత్రం ఆ గడి మారలేదు. నేను మారుస్తాననుకున్నాను. మనసుపెట్టి చేద్దామనుకున్న పనులు నా ఉద్యోగంలో తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఎండాకాలం సెలవులు. పిల్లలెవరూ లేరు. బంక్ బెడ్ల మీద పరుపులు చుట్టి పెట్టారు. పగలు ఆ రేకుల గదిలో కూర్చోలేక రాత్రి పూటే పని పెట్టుకున్నాను. హాస్టలు మొత్తానికి ఇద్దరమే, నేనూ గేటు దగ్గర తాతా. అందరూ ఆయన్ని తాత అనే పిలుస్తారు, మామ కూడా. "ఆయనకు ముందెనక ఎవ్వలు లేరు. గేటే ఆయన ఇల్లు" అన్నారు మామ, నన్ను అక్కడ దించుతూ. శ్రీశైలం డ్యాం పని నడిచేటప్పుడు అమ్మానాయినల వెంట పోయి చిన్న వయసులోనే రాళ్లు మోశాడట. తర్వాత ఇటుక బట్టీలు, తర్వాత ముంబైలో బిల్డింగులు. నడుం పోయాక ఊరికి వచ్చి ఈ గేటు దగ్గర చేరాడు.

మొదటి రాత్రి కంప్యూటర్ తెరవగానే అసలు చిక్కు ఎక్కడుందో తెలిసింది. 2011లో ఆ సాఫ్ట్‌వేర్ రాసినతను పద్ధతి తెలిసినవాడే. తండ్రి పేరు అనే గడికి ప్రతిచోటా విడివిడిగా కొలతలు ఇవ్వకుండా, ఒకేసారి ఒక సొంత డేటా టైపు తయారుచేసి పెట్టుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై అయిదు పట్టాలి, ఖాళీ ఉండకూడదు అని దాని నిర్వచనం. మా భాషలో చెప్పాలంటే వార్‌చార్ 25, నాట్ నల్. దానికి 'తండ్రిపేరు' అని పేరు పెట్టి ఎక్కడ అవసరమైతే అక్కడ వాడుకున్నాడు. అడ్మిషన్ల టేబుల్లో అదే, ఫీజు మినహాయింపుల్లో అదే, మెడికల్ రిజిస్టర్లో అదే, టీసీల్లో అదే. వెతికితే 19 టేబుళ్లలో 31 కాలమ్‌లు తేలాయి. దాన్ని అందుకునే ప్రొసీజర్లు ఇంకో 46.

తాత టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవు సారూ?"

ఎలా చెప్పాలా అని ఒక్క క్షణం ఆలోచించాను. ఇటుక బట్టీలో చేసిన మనిషి కదా.

"ఇటుకల అచ్చు ఉంటది కదా తాతా. ఒక్కసారి అచ్చు చేయించుకుంటే ఇటుకలన్నీ అదే కొలతకు వస్తయి. ఇక్కడ కూడా పేర్లు పెట్టేటందుకు ఒక అచ్చు చేసి పెట్టుకున్నరు. ఇప్పుడు ఆ అచ్చు మార్చాలె."

"మార్సు మరి. అచ్చుదేముంది, వడ్లాయన దగ్గరికి పోతే గంటల జేసిస్తడు."

"అచ్చు మారితే ఇప్పటికే కట్టిన గోడ మారుతదా?"

తాత గట్టిగా నవ్వాడు. "గోడ ఇప్పాలె."

పదిహేనేళ్ల ఉద్యోగంలో నేను చాలామంది కుర్రాళ్లకు ఈ విషయం నేర్పాను. ఇంత తొందరగా ఎవరికీ అర్థం కాలేదు. ఎస్క్యూఎల్ సర్వర్‌లో ఇలాంటి టైపును ఉన్నచోటే మార్చే ఆజ్ఞ లేదు. పుట్టించడానికి క్రియేట్ టైప్ ఉంది, తీసేయడానికి డ్రాప్ టైప్ ఉంది, మధ్యలో ఆల్టర్ టైప్ లేదు. పోనీ తీసేసి కొత్తది పెడదామంటే, ఒక్క కాలమ్ దాని మీద ఆధారపడి ఉన్నా తీయనివ్వదు. ఫలానా టేబుల్ దీన్ని వాడుతోంది, ఇంకా వేరేవి కూడా ఉండవచ్చు అని ఒకే ఒక్క పేరు చెప్పి ఊరుకుంటుంది. ఆ ఒక్కటీ సరిచేసి మళ్లీ అడిగితే ఇంకో పేరు చెప్తుంది. అన్ని డేటాబేసులూ ఇలాగే ఉండవు. ఒరాకిల్‌లో ఆల్టర్ టైప్ ఉంది, కాస్కేడ్ అంటే దాని మీద ఆధారపడ్డవాటికి కూడా మార్పు పాకుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో విలువల జాబితాగా చేసిన టైపుకు కొత్త విలువ చేర్చవచ్చు, పేరు మార్చవచ్చు, ఉన్నదాన్ని మాత్రం తీసేయలేం. మైఎస్క్యూఎల్‌లో సొంత టైపుల గొడవే లేదు. మామ హాస్టలుకు రాసిపెట్టి ఉన్నది మాత్రం ఎస్క్యూఎల్ సర్వర్.

ఖాళీ ఒక్కటే అయితే టైపు జోలికి పోకుండా కాలమ్ కాలమ్‌కూ విడిగా ఖాళీ ఉండొచ్చని చెప్పి గట్టెక్కవచ్చు. టైపులో నాట్ నల్ అని ఉన్నా కాలమ్ దగ్గర రాసిన మాటే చెల్లుతుంది. తెలుగు కావాలంటే మాత్రం టైపునే మార్చాలి. వార్‌చార్‌లో అప్పట్లో తెలుగు పట్టేది కాదు. ఆ సంగతి తాతకు కళ్లముందే చూపించాను. ఒక ఉత్తుత్తి టేబుల్ పెట్టి అందులో 'కల్వకుర్తి' అని తెలుగులో కొట్టి, ఏం దాచుకుందో చూపించమని అడిగాను. తెర మీద వరసగా పది ప్రశ్నార్థకాలు వచ్చాయి.

"గీ కొడవండ్లు ఏంది సారూ?" అన్నాడు తాత.

నిజంగానే కొడవళ్లను వరసగా గోడకు తగిలించినట్టే ఉన్నాయి.

"దీనికి తెలుగు రాదు తాతా. రాని అక్షరం కాడల్లా కొడవలి పెడ్తది."

ఆయన వేలు తెర మీద ఆనించి ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. "పది ఉన్నయి. కల్వకుర్తికి నాలుగే గద అక్షరాలు. క, ల్వ, కు, ర్తి."

నేను ఆశ్చర్యపోయాను. "నీకు చదువొచ్చా తాతా?"

"నేర్సుకున్న. సాక్షర భారత్ అని రాత్రిపూట జెప్పిన్రు. బస్సు బోర్డులు సదువుత. దుకాండ్ల మీద పేర్లు సదువుత. ఇంగిలీసు రాదు."

కంప్యూటర్‌కు ల్వ అంటే ఒక అక్షరం కాదు. ల ఒకటి, కింద వత్తు రావాలని చెప్పే పొల్లు గుర్తు ఒకటి, వ ఒకటి, మొత్తం మూడు. ర్తి అయితే నాలుగు. అలా లెక్కపెడితే మన నాలుగు అక్షరాల ఊరు దానికి పది అవుతుంది. అందుకే కొత్త టైపులో ఇరవై అయిదు చాలదు, అరవై పెట్టాలి, అదీ యూనికోడ్ పట్టే ఎన్‌వార్‌చార్ కావాలి అనుకున్నాను. కాలమ్‌ను కొత్త టైపుకు మార్చి, కొటేషన్ గుర్తుకు ముందు ఎన్ అక్షరం తగిలించి మళ్లీ అదే మాట కొట్టాను. తెర మీద నల్లగా, నిండుగా, 'కల్వకుర్తి' అని వచ్చింది.

తాత ముందుకు వంగాడు. దారంతో కట్టుకున్న కళ్లద్దాలు సర్దుకుని పెదాలు కదుపుతూ చదివాడు.

"అయితే ఈసారి కార్డుల మీద పేర్లన్ని తెలుగులనే వస్తయా?"

"అన్నీ తెలుగులోనే."

"పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు పేరు, అన్ని?"

"అన్నీ తాతా."

ఆయన ఇంకేం అడగలేదు. చల్లారిన నా టీ తీసుకుపోయి వేడి చేసి తెచ్చాడు. ఆ తర్వాత రెండు రాత్రులూ గంటకోసారి వచ్చి "అయ్యిందా సారూ?" అని అడిగి పోయేవాడు. పాపం, అక్షరాలు కొత్తగా వచ్చిన మనిషి, పిల్లల పేర్లు చదువుకోవాలని ఆశ అనుకున్నాను.

రెండో రాత్రంతా గోడ విప్పడమే. ముందు మొత్తం డేటాబేస్‌కు బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. పాత టైపు పేరును 'తండ్రిపేరు పాత' అని మార్చాను. పాత పేరుతోనే కొత్త టైపు పుట్టించాను, అరవై అక్షరాలు, యూనికోడ్, ఖాళీ ఉండొచ్చు. ఇక 31 కాలమ్‌లను ఒక్కొక్కటిగా పాతదాని మీద నుంచి కొత్తదాని మీదికి జరపాలి. కొన్నిటికి ఇండెక్సులున్నాయి. వార్‌చార్ నుంచి ఎన్‌వార్‌చార్‌కు మారేటప్పుడు ఇండెక్స్ అడ్డం పడుతుంది, ముందు దాన్ని తీసేసి, మార్చి, మళ్లీ కట్టాలి. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. రెండుసార్లూ నేను లేవకముందే తాత టార్చి పట్టుకుని వచ్చి ఇన్వర్టర్ చూసిపోయాడు.

ప్రొసీజర్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. టైపు పేరు మారినా అవి పాత టైపునే పట్టుకుని ఉంటాయి. వాటిలో రాసి ఉన్న పేరేమో ఇప్పుడు కొత్తదానిది. ఒక్కొక్కదాన్నీ రిఫ్రెష్ చేస్తే తప్ప ఆ పేరుతో ఇప్పుడున్నది ఎవరో తెలుసుకోవు. 46 అయ్యేసరికి మూడో రాత్రి పన్నెండు దాటింది. అప్పుడు పాత టైపును తీసేయమని అడిగాను. ఈసారి ఏ టేబుల్ పేరూ చెప్పలేదు. తీసేసింది. మా పనిలో మాటల్లో పెట్టలేని సంతోషం ఏదైనా ఉందంటే ఆ క్షణమే.

తాతను పిలిచి చెప్పాను. "అచ్చు మారింది తాతా. ఇకనుంచి తెలుగు పట్టుద్ది. తండ్రి పేరు లేకపోతే ఖాళీ కూడా పెట్టొచ్చు."

"ఖాళీనా?"

"ఊఁ. ఎవరి పేరూ రాయకుండా వదిలేయొచ్చు."

ఆయన తలుపుకు చేరగిలబడి కాసేపు ఆలోచించాడు. "ఖాళీ అంటే, ఆ పిల్లకు ఎవ్వలు లేరు అన్నట్టా సారూ? ఉన్నరు గాని ఎవ్వలో మనకు తెల్వది అన్నట్టా?"

నా చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. ఇది చిన్న ప్రశ్న కాదు. రిలేషనల్ డేటాబేస్ అనే ఆలోచనకే ఆద్యుడైన కాడ్ ఇదే ప్రశ్న వేసుకున్నాడు. 1990లో వచ్చిన తన పుస్తకంలో ఖాళీలు రెండు రకాలుండాలన్నాడు, విలువ ఉంది కానీ మనకు తెలియదు అనేది ఒకటి, అసలు ఆ విలువకు అక్కడ చోటే లేదు అనేది ఇంకొకటి. ఎస్క్యూఎల్ ఆ మాట వినలేదు. దానికి ఒక్కటే ఖాళీ, నల్. ముంబై పోయి ఏళ్ల తరబడి కబురు లేని తండ్రీ నల్లే, పేరు చెప్పలేని తండ్రీ నల్లే, చచ్చిపోయాడని చెప్పడం ఇష్టంలేక తల్లి దాచిన తండ్రీ నల్లే.

"మిషనుకు రెండూ ఒకటే తాతా" అన్నాను.

ఆయన తల ఊపి గ్లాసులు తీసుకుని వెళ్లిపోయాడు.

నాలుగో రాత్రి మిగిలింది శుభ్రం చేసే పని. టైపు ఖాళీకి ఒప్పుకున్నంత మాత్రాన పాత గడుల్లో ఉన్న చెత్త దానంతటది పోదు కదా. 2011 నుంచి చేరిన 1,640 మంది పిల్లల తండ్రి పేర్లను వరసగా పేర్చి చూశాను. గడి నింపందే ముందుకు పోనివ్వని కంప్యూటర్‌తో జనం ఎలా నెట్టుకొచ్చారో అక్కడ కనబడింది. 21 మందికి తండ్రి పేరు దగ్గర చుక్క. 8 మందికి ఎన్ఏ. 5 మందికి వరసగా మూడు ఎక్స్‌లు. ఇవన్నీ నాకు తెలిసిన రోగాలే, ఏ ఆఫీసు డేటాబేస్ విప్పినా ఉంటాయి. ఆ తర్వాత ఒకే మనిషి పేరు. ఇంటిపేరు అదే, పేరు అదే, స్పెల్లింగు అదే, 43 మంది పిల్లలకు.

ఆ 43 మందిని విడిగా తీసి చూశాను. తల్లుల పేర్లు వేరు, ఊళ్లు వేరు. తొమ్మిది మండలాల పిల్లలున్నారు. ఒకే నెలలో పుట్టిన ఇద్దరున్నారు, ఒకే ఏడాది పుట్టినవాళ్లు ఆరుగురున్నారు. ఒక మనిషికి ఇలా పిల్లలు ఉండరు. పాత క్లర్కు ఎవరిదో పేరు ఒకటి పెట్టుకుని, తండ్రి లేని పిల్ల వచ్చినప్పుడల్లా దాన్నే అతికించేశాడని తేలిగ్గానే అర్థమైంది. నాకు కోపం వచ్చింది. చుక్క పెట్టినా నయమే, అది లేదన్న నిజమైనా చెప్తుంది. ఊరూ పేరూ తెలియని ఎవడినో తెచ్చి ఒక పసిపిల్లకు తండ్రిగా అంటగట్టడం ఏం న్యాయం?

కొత్త క్లర్కుకు ఫోన్ చేశాను. "నేను వచ్చి ఎనిమిది నెలలే సార్. పాత సార్ కాలం చేసిండు. నాకు తెల్వది" అన్నాడు. మామను అడిగాను. "పేరు ఎవరిదైతే ఏంది, తప్పైతే తీసెయ్" అన్నారు నిద్రమత్తులో. సిబ్బంది జీతాలు ఇంకా పుస్తకంలోనే రాస్తారు కాబట్టి పోల్చి చూడటానికి కంప్యూటర్లో వేరే జాబితా ఏదీ లేదు.

చుక్కలు, ఎన్ఏలు, ఎక్స్‌లు, ఆ పేరు. అన్నిటినీ ఒక్క అప్‌డేట్‌లో నల్ చేశాను. 77 వరసలు మారాయని కింద వచ్చింది. ఆ 77 మందికి నేనేదో బాకీ తీర్చినట్టు అనిపించింది. ఆ తెల్లవారుజామున బస్సెక్కుతుంటే తాత బస్టాండు దాకా నా బ్యాగు మోసుకొచ్చాడు. వద్దన్నా వినలేదు.

"కార్డులు ఎప్పుడొస్తయి సారూ?"

"బడులు తెరిచే రోజుకు నేనే తెస్త తాతా."

ఆ తర్వాత రెండు వారాలు కొత్త క్లర్కు హాస్టల్లో ఉన్న పిల్లల పేర్లన్నీ తెలుగులో ఎక్కించాడు. నేను హైదరాబాద్‌లో కార్డులు అచ్చువేయించాను. లేతనీలం అట్ట, ప్లాస్టిక్ తొడుగు, మెడలో వేసుకునే తాడు. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, తరగతి, ఊరు. ఒక కార్డు చేతిలోకి తీసుకుని చూసుకుంటే ఎంత బాగుందో. తండ్రి పేరు లేనిచోట చుక్క లేదు, గీత లేదు, తెల్లగా, మర్యాదగా వదిలేసి ఉంది.

జూన్‌లో బడి తెరిచిన రోజు పొద్దున్నే కార్డుల పెట్టె తీసుకుని కల్వకుర్తి చేరాను. గేటు దగ్గర ట్రంకుపెట్టెలు, బకెట్లు, సెలవుల నుంచి వచ్చిన పిల్లల గోల. తాత తెల్లచొక్కా తొడుక్కుని ఉన్నాడు. తలకు నూనె పెట్టి దువ్వుకున్నాడు. నన్ను చూసి దండం పెట్టి, నా చేతిలోని పెట్టె అందుకుని ఆఫీసు గది దాకా తెచ్చి జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టాడు. క్లర్కు కార్డులు పంచుతుంటే నేను ఫ్యాన్ కింద కూర్చుని మామతో మాట్లాడుతున్నాను.

పావుగంట తర్వాత ఒక పిల్ల గుమ్మంలో నిలబడింది. తొమ్మిదో తరగతి ఉంటుంది.

"సార్, నా కార్డు తప్పొచ్చింది."

"ఏం తప్పమ్మా?"

"నాయిన పేరు లేదు."

ఇలా ఎవరైనా వస్తే ఏం చెప్పాలో ముందే అనుకుని ఉన్నాను. కూర్చోమన్నాను. వీలైనంత మెల్లగా చెప్పాను. "అది తప్పు కాదమ్మా. ఇకనుంచి నాయిన పేరు లేకున్నా ఏం కాదు. కోర్టే చెప్పింది. ఎవ్వరూ నిన్ను అడగరు, అడిగే హక్కు కూడా లేదు. అమ్మ పేరు ఉంది కదా, చాలు."

ఆ పిల్ల కూర్చోలేదు. సంచిలోంచి పాత కార్డు తీసి నా ముందు పెట్టింది. ఇంగ్లీషు కార్డు. తండ్రి పేరు దగ్గర ఆ పేరే ఉంది, 43 సార్లు వచ్చిన పేరు.

"ఇండ్ల ఉండె గద సార్."

"అది మీ నాయిన పేరు కాదమ్మా. గడి ఖాళీ ఉంటే కంప్యూటర్ ఊకోదని అప్పట్లో ఎవరిదో పేరు రాసిన్రు. అందుకే తీసేసినం."

"ఎవరిదో కాదు సార్. తాతది."

నాకు వెంటనే అర్థం కాలేదు. మామ కుర్చీలోంచి లేచారు.

"మా అమ్మ నన్ను తోల్కొచ్చిననాడు, తండ్రి పేరు లేకుంటే కంప్యూటర్ల ఎక్కదన్నరంట సార్. మా అమ్మ ఏడ్సుకుంట మల్ల గేటు కాడికి పోయిందంట. తాతనే మా ఇద్దరిని లోపలికి తీసుకొచ్చి, నా పేరు రాయి, ఈ బిడ్డకు నాయినను నేనే అన్నడంట. నాకొక్కదానికే కాదు సార్. మా రూముల ముగ్గురికి తాతనే నాయిన."

ఆ పిల్ల కొత్త కార్డు కోసం చుట్టూ చూసింది. అది ఆమె దగ్గర లేదు.

"తాత తీసుకున్నడు సార్. ఈపారి తెలుగుల వస్తది, నా పేరు నేనే సదువుకుంట అని ఊరి నుంచి రాంగనే జెప్పిండు. సదువుతున్నడు, దొరుకుతలేదంట. నన్ను అడిగి రమ్మన్నడు."

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. తాత స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కార్డును కళ్లకు దగ్గరగా పట్టుకుని, వేలు ఒక్కో అక్షరం కింద పెట్టి జరుపుతున్నాడు. తండ్రి పేరు అన్న మాట దాకా వచ్చి వేలు ఆగింది. పక్కన ఉన్న తెల్లటి చోటు మీద బొటనవేలితో మెల్లగా రుద్ది చూశాడు. కార్డును తిప్పి వెనక చూశాడు. తర్వాత దాన్ని జేబులో పెట్టుకుని, పక్కన నిలబడ్డ ఇంకో పిల్ల మెడలోని కార్డు చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, మళ్లీ మొదటి అక్షరం నుంచి కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు.